గడియ

పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు గేటు పక్కన
నీలి టార్పాలిన్ కింద నా బల్ల.
దాని మీద పన్నెండేళ్ల లాప్‌టాప్.
కీలు విరిగితే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాను.
బ్యాటరీ ఎప్పుడో పోయింది,
జిరాక్స్ షాపు వైరు ఊడిందంటే
అర్జీ సగం వాక్యంలో ఆగిపోతుంది.

పొద్దున మీట నొక్కి, తెర వెలిగేలోపు
ముగ్గురు ఆడవాళ్లు తమ కథ సగం చెప్పేస్తారు.
పోనీలే, ముసలిది అనుకున్నాను.
ఒకరోజు మూలన చిన్న అక్షరాలు:
ఇకపై మీకు రక్షణ ఉండదు.
ఈ గేటు దగ్గర ఆ మాట
ఎంతమంది నోట విన్నానో.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో
మెట్ల కింద షుజాత్ కొట్టు.
కొత్తది కొనుక్కోమనడు, అందుకే అతని దగ్గరికే పోతాను.
అడుగు రేకు విప్పి కుంచెతో దుమ్ము దులిపి
"రెండు జీబీ. దీనికి బిర్యానీ అరగదక్కా, జావ పొయ్యాలె" అన్నాడు.

లాడ్ బజారులో గాజులు తొడిగి చూపినట్టు
పెన్‌డ్రైవ్ మార్చి పెన్‌డ్రైవ్ పెట్టి
ఎక్కించకుండానే నడిపి చూపించాడు.

మొదటిది బొత్తిగా తేలిక.
నొక్కగానే లేచి కూర్చుంది.
నా చెయ్యి చాపేశాను.
"ఇందుల అందరూ మాలికులే అక్కా.
అడిగేటోడు లేడు, ఆపేటోడు లేడు.
తలుపున్నది, గడియ లేదు."

రెండోది అందగత్తె. నీడలు, మెరుపులు.
నాలుగు నిమిషాలకే ఫ్యాను
నాంపల్లి స్టేషన్ మెట్లెక్కిన మా పెద్దమ్మలా ఆయాసపడింది.

మూడోది డెబియన్.
బూడిద రంగు, సింగారం లేదు,
ఉస్మానియా దవాఖానాలో రాత్రి డ్యూటీ నర్సులా ఉంది.
"దీని తాళాలు ఎప్పటికప్పుడు మారుస్తరు, పైసా అడగరు.
డిస్కు మొత్తానికి తాళమేస్తా. జెర నిదానమైతది.
లేవంగనే ఒక మాట అడుగుతది,
ఆ మాట మరిస్తే నేను గూడ తియ్యలేను."

ఆ డబ్బాలో ఏముందో షుజాత్‌కు తెలియదు.
జమ్లీబాయి వీపు మీద వాతలు ఎన్నో
అంకెతో సహా ఉంది.
నుస్రత్ కొత్త చిరునామా ఉంది.
దానికోసమే ఒక మనిషి
రెండుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చి
అర్జీ ఫారం ధర అడిగి వెళ్లాడు.

"మూడోదే" అన్నాను.

గంటంబావు, నాలుగు వందలు.
నేను తాళం మాట కొడుతుంటే
అటు తిరిగి స్క్రూలు లెక్కపెట్టాడు షుజాత్.
ఆ మర్యాద నాకు నచ్చింది.

మర్నాడు పాత ఫైలు తెరిస్తే
తెలుగు లేదు.
అను ఫాంట్లో కొట్టిన తొమ్మిదేళ్ల అర్జీలు
కొక్కేలూ డాలర్ గుర్తులూ అయి కూర్చున్నాయి.
"నా భర్త నన్ను" అని ఉండాల్సిన చోట
ఏదో పురుగుల బారు.
గుండె జారింది. తర్వాత నవ్వొచ్చింది.
గడియ అడిగితే గోడే కట్టాడు మహానుభావుడు.

ఇప్పుడు కాగితం నకళ్లు ముందేసుకుని
యూనికోడ్‌లో ఒక్కొక్కటే మళ్లీ కొడుతున్నాను.
జమ్లీబాయి అర్జీ నాలుగో పేరా దగ్గర
వేళ్లు ఆగాయి.
అప్పుడు హడావుడిలో కొట్టాను కదా,
చదవలేదు.

ఐదున్నరైంది. జిరాక్స్ షట్టరు దిగుతోంది.
సేవ్ కొట్టాను.