పేరు?

పేర్నమిట్ట పీజీ సెంటర్లో మా తరగతికి
ఫ్యాను ఒకటే, అదీ మస్తాన్‌వలి సారు నెత్తిన.
నేను రాసుకెళ్లిన తొలి వార్త:
"చీమకుర్తి క్వారీలో రాయి జారి
ఒడిశా కూలీ మృతి."
ఎక్కడ, ఎప్పుడు, ఎలా, అన్నీ ఉన్నాయి.
సారు చదివి, పక్కన ఎర్రసిరాతో
ఒక్క మాట గీకారు: పేరు?

స్టేషన్లో "రాసుకున్నాంలే" అన్నారు గానీ
కాగితం తీయలేదు.
మేస్త్రీ అయితే,
"మేం భాయీ అంటాం. అందరూ భాయీలే."
టీకొట్టు సుబ్బరత్తమ్మ మాత్రం
బాకీల పుస్తకం విప్పి చూపింది:
సొనాతొన్. రెండు టీలు, ఒక బన్ను.
"పద్దు కొట్టేశాలే పాపా, నిన్ననే."

రేకుల షెడ్డులో అతని పక్కన పడుకునే కుర్రాడు
ఫోను కలిపిచ్చాడు. అవతల అక్కో, వదినో.
ఆ భాష నాకు రాదు.
ఏడుపు మధ్యలో ఇంటిపేరు
రెండుసార్లు చెప్పించుకున్నా.
సిగ్గేసింది. అయినా మూడోసారి అడిగి
అక్షరాలు సరిచూసుకున్నా:
సొనాతొన్ భొయ్.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే
గోడకి మా బ్లాకు శిలాఫలకం.
చీమకుర్తి నల్లరాయే, లోపల చుక్కలు మినుకుతూ.
తెరిచినవాళ్లు, విచ్చేసినవాళ్లు, అధ్యక్షత వహించినవాళ్లు,
పదకొండు పేర్లు బంగారు రంగులో.
రోజూ దానికే ఆనుకుని
టిఫిను తినేదాన్ని.

సారు మళ్లీ చదివారు. బాగుంది అనలేదు.
ఎర్రపెన్ను మూత తీశారు:
వయసు?

దానికీ చేశా ఫోను.
పెద్ద తుఫాను ఏడు పుట్టాడంట,
నెల తెలీదంట.
వేళ్లమీద లెక్కేస్తే
నాకన్నా రెండేళ్లు పెద్ద.