వీపు మీద జిప్పు

బొచ్చురాయుడికి నేను అభిమానిని.
నవ్వేవాళ్ళు నవ్వండి.
యాభై మూడేళ్ళదాన్ని, చక్కెర జబ్బు, ఎడమ మోకాలికి పట్టీ,
తాళాల గుత్తికి మాత్రం వాడి రబ్బరు బొమ్మ.

నల్లమల నడిమధ్యన, వెన్నెల్లో,
ఏట్లోకి వంగి నీళ్ళు తాగి
వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసి చెట్లలో కలిసిపోతాడట.
అది పోస్టరు మీది మాట.
వాడు పుట్టింది సాలిగ్రామంలో, మా వసారాలో.
మా నాన్న ఏకాంబరం కుట్టాడు.

పదకొండు గోనెసంచులు, కొబ్బరి పీచు,
టీ డికాక్షన్లో మూడు రోజులు నానేసిన జనపనార.
కనుబొమలకి మాత్రం నిజం జుట్టే కావాలన్నాడు డైరెక్టరు.
అమ్మ సవరం పోయింది.
"రాక్షసుడి మొహాన నా జుట్టా?" అని
మునెమ్మ పదహారు రోజులు నాన్నతో మాట్లాడలేదు.
పులుసు పోసింది, ఉప్పు లేకుండా.

జిప్పు కొనడానికి నాన్న సైకిలు ముందు కూర్చుని
వడపళని దాకా వెళ్ళాను.
ఇత్తడిది, ఇరవై నాలుగు అంగుళాలు.
సూదిలో దారం ఎక్కించింది నేనే, నాన్నకి అప్పటికే చత్వారం.
కాబట్టి వాడు లేడని
నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

లోపలి మనిషి పేరు గురవయ్య.
షాటుకి రెండు గోలీసోడాలు.
పీచు గుచ్చుకుని మెడ నిండా దద్దుర్లు.
జిప్పు లాగి అతను బయటికొచ్చే సమయానికి
నేను మొహం అటు తిప్పేసుకునేదాన్ని.
ఏం చూడకూడదనుకున్నానో
తొమ్మిదేళ్ళ పిల్లకి మాటల్లో చెప్పడం రాదు.

సినిమా రెండు వారాలే ఆడింది.
ఏటి సీనులో వాడు వెనక్కి తిరిగినప్పుడు
నాలుగు సెకన్లు ఇత్తడి తళుక్కుమంది.
హాలంతా ఒకటే గోల, ఈలలు.
నా ఒళ్ళు మాత్రం జలదరించింది. ఇప్పటికీ అంతే.

బొమ్మ పోయింది గానీ వాడు పోలేదు.
అగ్గిపెట్టె మీదికొచ్చాడు, నోటుపుస్తకం లేబులు మీదికొచ్చాడు,
పాలైసు బండి మీద నాలుక చాపి నిలబడ్డాడు.
ఆటోల వెనక మడ్‌ఫ్లాపుల మీద, టైరుకి ఒకడు చొప్పున,
వానాకాలమంతా బురద తిన్నాడు.
అన్నీ దాచాను. నూట నలభై లేబుళ్ళు.
మా ఆయన పెళ్ళయిన కొత్తలో "సవతి" అని పేరు పెట్టాడు,
పోయే ముందు ఆసుపత్రి మంచం మీద
"సవతిని ఎలుకలు కొట్టకుండా చూసుకో" అన్నాడు.

అసలు తొడుగు నాన్న తర్వాత నా దగ్గరికే వచ్చింది,
జాఫర్‌ఖాన్‌పేట ఇంటికి. వేపాకు వేసి చాపలో చుట్టి పెట్టాను.
వరదొచ్చిన డిసెంబరు
రాత్రి రెండింటికి నీళ్ళు కిటికీ ఎక్కాయి.
మందుల సంచీ, గ్యాసు పుస్తకం, లేబుళ్ళ డబ్బా.
చేతులు రెండే.
వెనక తలుపు ఊడినప్పుడు
చాప విప్పుకుంటూ అడయారులోకి వెళ్ళడం చూశాను.

నెల తర్వాత, సైదాపేట వంతెన దగ్గర
ఉడకబెట్టిన వేరుశనక్కాయలమ్మే మాసిలామణి
ఏదో చూశాడట అని తెలిసింది.
వెళ్ళాను. ఒక పొట్లం కొన్నాను. కదిపాను.

"మనిషి కాదక్కా. జంతువూ కాదు.
తెల్లారుజామున, చెత్త మధ్యలో, తేలుతూ పోతోంది.
వంతెన కిందికి రాగానే తిరిగి నన్ను చూసింది."

వీపు కనిపించిందా?

"కనిపించింది. అంతా బొచ్చే."

జిప్పు లాంటిదేమైనా?

"జిప్పా? అడవి ప్రాణికి జిప్పేంటక్కా!"
కోపంగా గరిటె గిన్నెకేసి కొట్టాడు.
కాసేపాగి, తనలో తను అనుకున్నట్టు,
"కనుబొమలు మాత్రం పొడుగు.
ఆడవాళ్ళ జుట్టులాగ. తడిసి బుగ్గలకంటుకుని."

బస్సొచ్చింది. వెళ్ళిపోయింది.
కాయలు ఒలవడం కూడా మర్చిపోయి నిలబడ్డాను.
నా తాళాల గుత్తి వైపు చూశాడు.
ఏమీ అనలేదు.

ఇంకో పొట్లం కట్టమన్నాను,
కాస్త ఉప్పు ఎక్కువేసి.