సలుపుని తమిళంలో ఏమంటారు

చూలైమేడులో మా ఇస్త్రీ బండి
చెట్టు కింద కాదు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన.
చెట్టు నీడ టిఫిన్ బండివాడు ముందే పట్టేశాడు.

ఆరు కిలోల పెట్టె,
బొగ్గులు వేస్తే ఇంకాస్త.
రోజుకు డెబ్బై బట్టలు,
దీపావళి ముందు నూటికి తక్కువుండవు.
లెక్కంతా నా కుడి భుజం రాసుకుంటుంది.

బట్టలకు నోరుంటుందని ఎవరికీ తెలీదు.
వేడి తగలగానే చెప్పేస్తాయి.
నాలుగో అంతస్తు టీచరమ్మ జాకెట్టు మెడ దగ్గర
బామ్ వాసన గుప్పుమంటుంది.
బంతాట ఆడే పిల్లాడి నిక్కరులో స్ప్రే ఘాటు.
బి బ్లాకు ఆడిటరు చొక్కా జేబులో
సగం చించిన మాత్రల అట్ట,
వారం తప్పదు.
ఎవరికెక్కడ నొప్పో
వాళ్ళింట్లో వాళ్ళకంటే ముందు నాకు తెలుస్తుంది.
నాది మాత్రం నేనే చెప్పుకోవాలి.

అక్కడే వచ్చింది చిక్కు.

మందుల షాపులో పూంగొడి
"ఎన్న వలి అక్కా?" అంది.
వలి.
చలికి చుట్టంలా ఉంటుంది ఆ మాట.
ముప్పై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో
బేరాలాడాను, తగవులు పడ్డాను,
బండి తియ్యమన్న కార్పొరేషన్ వాణ్ణి
తిట్టింది కూడా తమిళంలోనే.
నొప్పొక్కటి ఇంకా
నెల్లూరు దాటి రాలేదు.

మాకు నొప్పి ఒకటా?
పంటికి పోటు.
కాళ్ళు పీకుతాయి, నడుము లాగుతుంది,
మెడ పట్టేస్తుంది,
జ్వరం తగిలే ముందు ఒళ్ళంతా తీపులు
(ఎవరు పెట్టారో ఆ పేరు, చక్కెర లేని తీపు).
నా భుజం
పగలు గుంజుతుంది, రాత్రి సలుపుతుంది,
తెల్లారి పెట్టె ఎత్తేసరికి పోటు.
ఒక్క భుజానికి మూడు మాటలు.
ఏదీ తమిళంలోకి దిగలేదు.
చెయ్యి పెట్టి చూపించాను.

"ఆ పచ్చట్ట మాత్ర ఇవ్వు."
ఎదురు సందు కుప్పమ్మ చెప్పింది,
అరగంటలో ఎముక దాని చోట అది కూర్చుంటుందట.
పూంగొడి ఇవ్వలేదు.
రేషను ఆఫీసులోలా ప్రశ్నలు మొదలుపెట్టింది.
బీపీ మాత్ర వేసుకుంటావా?
గుర్తున్న రోజున.
కడుపులో మంట?
లేనిదెప్పుడు.
సాప్పిట్టాచా?
మధ్యాహ్నం టీ.
పొద్దున?
అప్పుడూ టీయే.

"పచ్చది వద్దక్కా.
భుజం ఒప్పుకున్నా నీ కడుపు ఒప్పుకోదు,
నీ బీపీ అసలొప్పుకోదు"
అని తెల్లవి పది కత్తిరించింది.
జ్వరానికి వేసే తెల్లవి!
ధర చూస్తే
ఒక చొక్కా, ఒక పంచె ఇస్త్రీ డబ్బు.
ఇంత నొప్పికి ఇంత చౌక మందా?
చిన్నతనంగా అనిపించింది.
రోజుకు మూడు దాటకు,
జలుబు మాత్రలోనూ ఇదే ఉంటుంది, రెండూ కలపకు,
మూడు రోజులకీ తగ్గకపోతే డాక్టరుని చూడు.
"డాక్టరుని నేను చూస్తే పెట్టెనెవరు చూస్తారే"
అన్నాను తెలుగులో.
అర్థమైనట్టే నవ్వింది.

టిఫిన్ బండి దగ్గర రెండిడ్లీ.
ఎప్పట్లా నిలబడి కాదు,
స్టూలు లాక్కుని కూర్చుని.
ఆ నీడ చల్లగానే ఉంది పాపిష్టిది.
తర్వాత మాత్ర.
గంటకి నొప్పి పోలేదు గానీ
బస్సులో ఎవరో చోటిచ్చినట్టు
కొంచెం పక్కకి జరిగింది.

మర్నాడు ఆడిటరు చొక్కా జేబులో
మళ్ళీ అట్ట.
పచ్చది. నాలుగు గుంటలు ఖాళీ.
ఎప్పట్లాగే తీసి
మడత పెట్టిన బట్టల మీద పెట్టాను.
మూట కట్టాక ఉండబట్టలేక
వాచ్‌మన్ దురైరాజుని ఆపి అడిగాను,
"ఆ సారు పొద్దున్నే ఏమైనా తింటాడా?"

అతను నన్నొక రకంగా చూశాడు.
"లిఫ్టు రిపేరక్కా" అని మాత్రం అన్నాడు,
మూట తలకెత్తుకుని
ఒక చేత్తో మోకాలు పట్టుకుని
మెట్లెక్కుతూ.