రెండు దెబ్బలు

రఫయేలా ఊరి చివర, జూలై చలికాలంలో,
షెడ్డు తాళం తీస్తే
లోపలి చలి బయటి చలిని పలకరిస్తుంది.
గస్తాల్ది ముందు సొరబుర్రలో మాతె ఆకు మీద వేడినీళ్లు పోస్తాడు.
ఆ తర్వాతే టంగ్‌స్టన్ కడ్డీని
పెన్సిలు మొనలా సాన పడతాడు.
"మొద్దు మొన మొద్దు మాట లాంటిది,
ఎక్కడ తగులుతుందో దానికే తెలీదు."

ఈసారి పదిహేను వందల లీటర్ల పాల ట్యాంకు.
సున్‌చాలెస్ దారిలో చీజు చేసే ఓర్తెన్సియాకి.
"పాతదాంట్లో ఏ మూలో పాలు దాక్కుని పులుస్తున్నాయి.
నాకు దాక్కునే చోటు లేనిది కావాలి" అంది.

ఇనప బ్రష్షుకు ఇక్కడ ప్రవేశం లేదు.
ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట దెబ్బలంటారు,
ఈ రేకుకైతే వారం తిరక్కుండా ఎర్ర చుక్కలు.

ఆయన చెయ్యి చూడాలి.
ఎడమ చేత్తో తీగ అందిస్తూ, కుడి చేత్తో టార్చి జరుపుతూ,
చుక్క అంచున చుక్క.
నిప్పురవ్వ ఎగరదు.
చప్పుడు కూడా, మూతపెట్టిన గిన్నెలో తుమ్మెద.
చల్లారాక అతుకు తన రంగు తనే చెబుతుంది:
ఎండుగడ్డి పసుపైతే ఈల వేస్తాడు,
నీలమైతే మూతి ముడుస్తాడు,
బూడిదరంగైతే మాట్లాడకుండా కోసేస్తాడు.

లోపలి వైపు నాది. షెడ్డులో సన్నగా ఉన్నది నేనే.
ఒక భుజం, తర్వాత రెండో భుజం,
మూతలోంచి దూరి
అతుకును అద్దం చేస్తాను.
గోరుకు తగిలితే మళ్లీ మొదలు.

బయటినుంచి కొయ్యసుత్తితో రెండు దెబ్బలు.
నేను ఒకటి కొట్టాలి.
అతుకుకు గాలి సోకకుండా కాసిన ఆర్గానే
అడుగున నిలిస్తే మనిషికీ గాలి సోకనివ్వదు.
వాసన లేదు. దగ్గు రాదు.
"నిద్దరొచ్చినట్టే ఉంటుందట,"
ఒక్కసారే అన్నాడు,
మేకుకు వేలాడే చిన్న తోలు చేతొడుగుల వైపు చూడకుండా.
ఎవరివని నేనడగలేదు.
నాకు సరిపోతాయి.

గురువారం ఒకచోట మచ్చ వదల్లేదు.
రుద్దగా రుద్దగా రేకులో ముందు వెలుగు,
తర్వాత బుగ్గ,
తర్వాత ఒక కన్ను.
నన్నెవరూ అంత దగ్గరగా చూడలేదు.
రెండు దెబ్బలు విన్నాను.
వినడమే జవాబనుకున్నాను.

నడుముకు కట్టిన తాడు ఒక్కసారిగా బిగిసింది.
సగం బయటికొచ్చాక చూశాను:
సొరబుర్ర నేలమీద దొర్లుతోంది,
అరవై ఏళ్ల మనిషి మొహం
బూడిదరంగు అతుకు.
"ఒకటి, యానినా. ఒక్కటే కదా అడిగేది."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. లోపల గాలి బాగానే ఉంది.
ఆ మాట నేను అనలేదు.

సాయంత్రం మళ్లీ దూరి
మిగిలిన జానెడూ పూర్తి చేశాను.
ఆయన కొట్టకముందే ఒకటి కొట్టాను.
కాసేపాగి
ఊరికే ఇంకోటి.

శనివారం ఓర్తెన్సియా తల లోపలికి పెట్టి
వేలికొసతో అతుకు వెతికింది.
"ఎక్కడ అతికారు?"
గస్తాల్ది నా వైపు చెయ్యి చూపించాడు.
నేను లారీ గొలుసులు బిగిస్తున్నాను.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చి,
పుచ్చకాయ కొనేవాళ్లలా
ట్యాంకు మీద వేలి కణుపులతో
రెండుసార్లు తట్టిందామె.

చేతిలో ఉన్న స్పానరుతో
లారీ తలుపు మీద
ఒకటి కొట్టాను.