ఎడమ కాలు

"ఇంజన్ ముసలిదైపోయింది మస్తాన్ గారూ,
అరుస్తుందే గానీ కదలదు"
అన్నారు సూర్యారావుపేట పళ్ళ డాక్టరు హైమవతి గారు
తాళం నా అరచేతిలో పెడుతూ.

ఎర్ర శాన్ స్టార్మ్. రెండే సీట్లు.
ఫైబర్ ఒళ్ళు, నేలకి జానెడెత్తు.
ఆటోనగర్‌లో పది టైర్ల లారీల మధ్య
రాలిపడ్డ పండుమిరపకాయలా ఉంది.

అరుపు ఇంజన్‌దే. తప్పు దానిది కాదు.
బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించి చూశాను.
నాలుగో గేరులో కాలు అదిమితే
ముల్లు నాలుగు వేలు దాటింది,
బండి మాత్రం నలభై దగ్గరే నసుగుతోంది.
కొబ్బరిబోండాల ఆటో ఒకటి దాటిపోయింది,
డ్రైవరు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు కూడా.

షెడ్డుకొచ్చి ఇంకో పరీక్ష.
హ్యాండ్‌బ్రేకు బిగించి, మూడో గేరు వేసి
పెడల్ వదిలాను.
ఒంట్లో సత్తువున్న క్లచ్ అయితే
ఇంజన్ పీక పట్టుకుని ఆపేయాలి.
ఇది ఆపలేదు.
కాసేపటికి వాసన,
ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన ఖాకీ చొక్కా వాసన.

మర్నాడు పొద్దున్నే విప్పేశాం.
డ్రైవ్ షాఫ్టులు లాగి, ఇంజన్ కింద దిమ్మ పెట్టి,
గేర్‌బాక్సుని గుండెల మీదికి దించుకున్నాను,
నూనె కారే బియ్యం బస్తా.

ప్లేటు బయటికొచ్చింది.
చిగుళ్ళ దాకా అరిగిన పళ్ళలా
రివెట్ల తలలు.
ఫ్లైవీలు మీద నీలం మచ్చలు.
బేరింగు తిప్పితే ఎండు శనక్కాయల చప్పుడు.
ఒక్క దెబ్బకి చచ్చిన ప్లేటు ఒక రకంగా ఉంటుంది.
రోజూ కాస్త కాస్త కాల్చిన ప్లేటు ఇలా ఉంటుంది.

ఫోన్ చేసి అడిగాను,
"మేడమ్, బండి పోతున్నప్పుడు
మీ ఎడమ కాలు ఎక్కడుంటుంది?"
మాట లేదు.
వెనకాల సన్నగా డ్రిల్లు మోత, ఆగింది.
"పెడల్ మీదే. ఇక్కడా అంతే.
సగం నొక్కి ఉంచుతాను, ఇరవై రెండేళ్ళుగా.
పూర్తిగా వదిలేస్తే చెయ్యి వణుకుతుంది నాకు."

నోట్లో అయితే ఆ సగం నొక్కుడు దయే కావచ్చు.
ఫ్లైవీలుకి ఎలా తెలుస్తుంది?

ఈ బండికి కొత్త ప్లేటు ఎక్కడా దొరకలేదు.
రెండు వీధుల అవతల యేసోబు అన్న
పాత ఉక్కు బిళ్ళకే కొత్త లైనింగ్ పరిచి
ఒక్కో రివెట్టునీ సుత్తితో పలకరించాడు.
పదహారు. నా టీ చల్లారిపోయింది.

దాన్ని ముట్టుకునే ముందు
సబ్బుతో చేతులు కడుక్కున్నాను, రెండుసార్లు.
మా కుర్రాడు మెహబూబ్ నవ్వాడు,
"అన్నా, అప్పుడే అన్నానికా?"
కాదురా. గ్రీజు వేలిముద్ర ఒక్కటి పడితే చాలు,
ఇది జన్మంతా జారుతూనే ఉంటుంది.

సాకెట్టుకి టేపు చుట్టి ప్లేటుని నడిమధ్య నిలిపి,
బస్తా మళ్ళీ గుండెల మీదికి.
ఇంకో అంగుళం ఉందనగా మొరాయించింది.
బోల్టులతో లాగితే వస్తుంది.
లాగకూడదు.
వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని,
షాఫ్టుని వెంట్రుకవాసి తిప్పి
ఊపిరి వదిలాను.
టక్.
ఈ చప్పుడు కోసమే ఈ పనిలో ఉన్నాను, డబ్బుకి కాదు.
అబద్ధం. డబ్బుకి కూడా.

అడక్కుండానే ఇంకొకటి చేశాను.
పెడల్ పక్కన ఖాళీలో బెత్తెడు రేకు బిగించాను,
ఊరికే ఉండే పాదానికి.

ఆవిడ ఎక్కి కూర్చున్నారు.
ఎడమ చెప్పు గాల్లో తచ్చాడింది,
అలవాటైన చోటికి పోయింది,
వెనక్కొచ్చింది,
రేకు మీద దిగింది.

కృష్ణలంక కరకట్ట దాకా పోయి వచ్చి
బిల్లు చూడలేదు. నా మొహం చూశారు.
"ఎన్నాళ్ళుగా కుడి పక్కే నములుతున్నారు?"
అబ్బే, వక్క కాస్త గట్టిది మేడమ్, అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి,
బిల్లు నా ముందే చించి, ఆ ముక్క వెనక రాశారు:
బుధవారం, పదకొండు. తిని రండి.

ఇవాళ సోమవారం.
నాలుక మాటిమాటికీ అటే పోతోంది.