పడవ ఇవ్వను

టార్టు నుంచి వచ్చారు, కొత్త బూట్లు వేసుకుని.
పడవ అద్దెకు కావాలన్నారు.
నీళ్ళు తెరుచుకున్నాయి కదా, నీలంగా ఉన్నాయి కదా అన్నారు.
ఉన్నాయి. నాకూ కళ్ళున్నాయి.

మంచు విరిగిందంటే పోయిందని కాదు.
లేచి అవతలికి నడిచి వెళ్ళిందని.
వెళ్ళింది తిరిగి రాదా?

నాకు పదహారేళ్ళప్పుడు
ఇలాంటి ఏప్రిల్‌లోనే, ఇదే పేయ్‌ప్సి సరస్సులో,
మామయ్య కలిస్ట్రాట్ మూడు వలలు మంచు కింద వదిలేశాడు.
కొత్త నైలాను. అప్పు సగం కూడా తీరలేదు.
"గంట పని ఫెవ్రోన్యా, తెడ్డు పట్టుకో చాలు" అన్నాడు.
అత్త ఉలీతా వద్దనలేదు.
చేపల పొగగూడు వైపు ఒకసారి చూసింది.
పొగ సరస్సు మీదికి వాలి ఉంది, పడమటి గాలి.
నా జేబులో రెండు మేకులు పెట్టింది,
తాడుతో జతకట్టినవి.
ఎందుకని నేను అడగలేదు.

రెండు వలలు తీశాం.
మూడోదాని కొస చేతికి అందుతుండగా
చలి చెంప మారింది.
కుడి చెంప నుంచి ఎడమకి, అంతే.
మామయ్య తల ఎత్తాడు.
దూరాన ఒక చప్పుడు:
ఎవరో పెద్ద ఇంట్లో
పగిలిన గాజు పెంకులు తాపీగా ఊడుస్తున్నట్టు.

నీరు పల్లమెరుగు అంటారు.
మంచుకు పల్లం లేదు, మిట్ట లేదు,
గాలి ఎటు పొమ్మంటే అటు.
పరుగున రాదు. అదే మోసం.
పొద్దుగూకి మందను తోలుకొచ్చినట్టు వస్తుంది,
ఇంకా చాలా దూరం ఉందనిపిస్తూనే
వెనకాల దారి మూసేస్తుంది.

మోటారు రెక్క ఒక పలకకి తగిలి విరిగింది.
పడవ పక్కలు మూలిగాయి,
రేకు డబ్బాను కాలితో నొక్కినట్టు.
"దిగు" అన్నాడు మామయ్య. "మంచు మీదికి లాగు.
చెయ్యి మాత్రం పడవ మీంచి తియ్యకు.
దేవుడొచ్చి పిలిచినా తియ్యకు."
రెండు వేళ్ళతో సిలువ గీసుకోనిదే
రొట్టె ముట్టని మనిషి,
దేవుణ్ణి అలా అనడం అదే మొదలు, అదే ఆఖరు.

తెల్ల మంచు మోస్తుంది. బూడిద రంగుది మింగుతుంది.
లాగాం. మునిగాం. మళ్ళీ లాగాం.
ఆ నీళ్ళలో ముందు పోయేది ఊపిరి కాదు, వేళ్ళు.
ఆ తర్వాత మాటలు.
ఊళ్ళో ఇళ్ళవాళ్ళ పేర్లు వరసగా చెప్పమన్నాడు,
నిద్రపోతానేమోనని.
ఏడో ఇంటి దగ్గర ఆగిపోయాను.
అది మా ఇల్లే.

చీకటి పడ్డాక ఒడ్డున ఒక లాంతరు
పైకీ కిందికీ ఊగుతూ కనిపించింది.
అత్త ఏమీ అడగలేదు.
నా జేబులో చెయ్యి పెట్టి మేకులు తీసుకుంది.
ఒకటి వంగిపోయి ఉంది.

మామయ్య మూడు కాలివేళ్ళు ఆస్పత్రిలో వదిలొచ్చాడు.
వాటి ఊసెత్తింది లేదు.
మూడో వల గురించి మాత్రం
పోయేదాకా మాట్లాడాడు.

ఆ రాత్రే మంచు మా వెనకాల ఒడ్డెక్కింది.
కంచె విరుచుకుంటూ, ఉల్లి మళ్ళ మీదికి,
చూరంత ఎత్తు గుట్టగా పేరుకుంది.
మే నెలలో అది కరిగినన్నాళ్ళూ
మామయ్య కర్ర ఊతతో రోజూ వెళ్ళి చూసేవాడు,
వల బయటపడుతుందేమోనని.
తెడ్డు ఒకటి బయటపడింది.
మాది కాదు.
ఊళ్ళో ఎవరిదీ కాదు.
అదిగో, మీ తల వెనక గోడకుంది.

ఫోను ఉందంటారు.
తడిసిన వేళ్ళకి ఫోను పలకదు.
లైఫ్ జాకెట్ ఉందంటారు.
తేలుస్తుంది. వెచ్చగా ఉంచదు.
పొగ ఇప్పుడు సరస్సు మీదికే వాలి ఉంది, నిజమే.
నేను కాదనడం లేదు.

ఉల్లిపాయలు తీసుకెళ్ళండి.
పోయినేడు జడలల్లినవి, మొలకలొస్తున్నాయి.
డబ్బులొద్దు.