నలభై కాడ నీళ్ళు

ప్రాణహిత అవతలి ఒడ్డున యాభై ఆకులకు కట్ట,
మా సిరొంచ దిక్కు డెబ్బై.
ఎండ మాత్రం ఒడ్డు చూడదు,
వంతెన మీదికెల్లి వచ్చి రెండు దిక్కులా కూసుంటది.

నేను తునికాకు కల్లంల మున్షీని.
నా నెత్తి మీద తడకల నీడ,
నా ముందర వరుసల నిలబడ్డోళ్ళ మీద ఏమీ లేదు.
ముందొచ్చినోళ్ళ కట్ట ముందు లెక్క,
ఆ మాట నాదే. పోయినేడు దాంక.

కృత్తికల ఒక పగలు, రెండున్నర.
ఇసుక మీద పరిచిన కట్టలు
చెయ్యి పెడితే అప్పడం తీరు ఇరుగుతున్నయి.
జాడి రాజుబాయి అప్పటికే గంట నుంచి వరుసల ముందరున్నది.
చూడకుంట, ముచ్చట పెట్టుకుంట,
సరిగ్గ డెబ్బై కాడ నారతో ముడేసే చేతులు ఆమెవి.
ఏనాడూ ఆమె కట్ట విప్పి చూడలే నేను.

ఆనాడు ఆమె ముఖాన చెమట లేదు.
"నీకు ఎండే తగుల్తలేదు గదనే" అని నవ్విన.
ఆ నవ్వే ఇప్పటికీ నన్ను నిద్రల లేపుతది.
"నాయినా, బండి కట్టు" అన్నది నన్ను చూసి,
మోకాళ్ళు మడతపడి కట్టల మీద కూలింది.
చెయ్యి పడితే పెనం.

గిలాస పట్టుకొని ఉరికిన.
ఆశా తాయి ఇందు నా మణికట్టు పట్టి ఆపింది,
"తెలివి లేని నోట్ల పొయ్యకు, ఊపిరిల పడ్తది.
ఒంటి మీద పొయ్యి."
ఎక్కడి నీళ్ళు?
బోరాలు నింపేముందు ఆకు మీద చల్లేటందుకు
ఠేకేదారు పెట్టిచ్చిన డ్రమ్ములున్నయి రెండు.
ఆకుకు దప్పయితదని చిట్టాల రాసుకున్నం,
మనిషికి అయితదని రాసుకోలే.
డ్రమ్ములు బోర్లిచ్చినం.
తడి గుడ్డలు మెడకు, చంకలకు, గజ్జలకు;
ట్రాక్టరు ట్రాలీల
పైటకొంగులతోని విసురుకుంట, విసురుకుంట
దవాఖాన దాంక.

బతికింది.
లెక్క మాత్రం దారిల ఎక్కడనో పడిపోయింది.

ఈయేడు కల్లం నాలుగున్నరకు గాని తెరువను.
మోదుగు మండలతోని పొడుగు పందిరి,
వరుసంతా దాని కిందనే.
నాలుగు కడవలు, ఒక గంజి బోగాణి, ఉప్పేసిన చల్ల.
రాజుబాయి కడవల పక్కన కూసుంటది.
చేతులు ఊరుకోవు, ఆకు మీద ఆకు పేరుస్తది:
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై.
అక్కడ ఆగుతది.
తెలియని పొలిమేర కాడ ఎడ్లు నిలబడ్డట్టు
ఆగి, ఊరికే చూస్తది.

మొదటి దినం పోరగాళ్ళు నవ్విండ్రు.
రెండో దినం ఆమె మనుమరాలు మైన
ఆ ఆగిన కాడనే చల్ల ముంత చేతిల పెట్టింది.
తాగింది. మళ్ళ ఒకటి నుంచి మొదలుపెట్టింది.
మూడో దినం పక్కామె కూడ ఆగింది,
ఆ పక్కామె కూడ.
ఇప్పుడు ఎవరి కట్టయినా సరే, నలభై కాడ
చేతులు నిలుస్తయి, ముంతలు లేస్తయి.

మొన్న ఠేకేదారు వచ్చి గడియారం చూసుకున్నడు,
"పని నడుమ ఇదేంది మున్షీ?"
రేడియో చంద్రపూరుకు నలభై ఆరంటున్నది.
నేను జవాబు చెప్పలే.
రాజుబాయే చెప్పింది,
"నలభై" అని,
ఆయన చేతికి ముంత ఇచ్చుకుంట.